కోర్టు గడప దాకా వస్తే చాలా?

కిందటేడాది ఒక శిక్షణ తరగతికి వెళ్లాను. జిల్లాల నుంచి వచ్చిన స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు, సంఘాల్లో పనిచేసే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. న్యాయం అందరికీ అందడం గురించి మాట్లాడిన న్యాయవాది మిత్రుడొకరు మధ్యయుగాల ఇంగ్లండును ఉదాహరణగా తెచ్చారు. ఎనిమిది వందల ఏళ్ల కిందటే అక్కడ రాజుగారి కోర్టు ఊళ్లకు తరలి వచ్చేదని, పేదరాలు సైతం రాజు పంపిన న్యాయమూర్తి ముందు నిలబడి తన గోడు చెప్పుకునేదని, మనం ఇవాళ అడుగుతున్న సంచార న్యాయస్థానాలకు అదే తొలి పాఠమని అన్నారు. అందరూ శ్రద్ధగా రాసుకున్నారు. నా పక్కన కూచున్న కార్యకర్త మాత్రం రాయడం ఆపి మెల్లిగా అడిగింది. "అక్కా, మరి కేసు నిలవకపోతే ఆమెను ఏం చేసేవాళ్లు?"

వేదిక మీద నుంచి ఆ ప్రశ్నకు జవాబు రాలేదు, ఎందుకంటే ఆ ప్రశ్న వేదిక దాకా వెళ్లలేదు. భోజనాల వేళ అయిపోయింది. సమాజశాస్త్రం చదువుకున్న దానిగా ఆ కోర్టు రికార్డుల మీద వచ్చిన పరిశోధన కొంత చదివాను గనక నాకు జవాబు తెలుసు. చెప్పకుండా ఊరుకున్నందుకు ఇంటికొచ్చాక నామీద నాకే కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

ముందు ఆ కోర్టు సంగతి చూద్దాం. రెండో హెన్రీ రాజు 1166లో క్లారెండన్ శాసనం, 1176లో నార్తాంప్టన్ శాసనం చేశాక, రాజు న్యాయమూర్తులు జట్లు జట్లుగా కౌంటీలు తిరిగి విచారణలు జరపడం ఒక పద్ధతిగా స్థిరపడింది. దాన్ని 'ఎయిర్' అనేవారు. పాత ఫ్రెంచిలో ఆ మాటకు ప్రయాణమని అర్థం. 1294లో ఫ్రాన్సుతో యుద్ధం వచ్చి ఆగేదాకా అది నడిచింది. తర్వాత 1313లో కెంట్‌లో, 1321లో లండన్‌లో, 1329లో నార్తాంప్టన్‌షైర్‌లో మళ్లీ జరిపారు గానీ పాత బలం రాలేదు.

న్యాయమూర్తులు కౌంటీ ముఖ్యపట్టణంలో వారాల తరబడి మకాం వేసేవారు. షెరీఫ్, కరోనర్లు, భూమి ఉన్న స్వతంత్రులు, ప్రతి ఊరి నుంచీ పెద్దతో పాటు నలుగురు మనుషులు రావాలి. మన పాత తాలూకాల వంటి 'హండ్రెడ్' అనే విభాగాలుండేవి. ఒక్కో హండ్రెడ్ నుంచి పన్నెండు మంది జ్యూరీగా ప్రమాణం చేసి ఒక పెద్ద ప్రశ్నల జాబితాకు జవాబు చెప్పాలి. ఎవరు ఎవర్ని చంపారు, ఎవరు పారిపోయారు, షెరీఫ్ మనుషులు ఎక్కడ లంచాలు తిన్నారు, రాజుకు రావలసినవి ఏవేవి ఎగ్గొట్టారు వంటి ప్రశ్నలవి. రాజు చేతిలో ఉన్న వితంతువులకు పెళ్లి జరిగిందా, ఎవరితో జరిగింది, ఆమె భూమి విలువ ఎంత అన్న ప్రశ్న కూడా అందులో ఉంది. గమనించండి. ఆ ప్రశ్న వితంతువు కష్టం గురించి కాదు, వితంతువు ఖరీదు గురించి.

జవాబు తప్పితే జరిమానా, దాచితే జరిమానా, రావలసిన రోజున రాకపోతే జరిమానా. ఖజానా నింపే యంత్రాంగంగా కూడా ఈ కోర్టు పనిచేసింది. 1233లో న్యాయమూర్తులు వస్తున్నారని తెలిసి కార్న్‌వాల్ ప్రజలు భయపడి అడవుల్లోకి పారిపోయారని చరిత్రకారులు రాశారు. ఊరి గడప దాకా వచ్చిన న్యాయాన్ని చూసి ఊరు ఊరంతా ఎందుకు పారిపోయింది? ఉపన్యాసాల్లో ఈ ఒక్క సంగతి చెబితే చాలు, మిగతా కథ తలకిందులవుతుంది.

సరే, ఆడవాళ్ల దగ్గరికి వద్దాం. ఆ పన్నెండు మంది జ్యూరీలో ఆడవాళ్లు లేరు. న్యాయమూర్తుల్లో లేరు. వాదించేవాళ్లలో లేరు. కోర్టుకు ఆడవాళ్లు పనికొచ్చిన చోటు ఒకటుంది, మరో ఆడదాని ఒంటిని పరీక్షించడానికి. గర్భం ఉందో లేదో, కన్యాత్వం పోయిందో లేదో చూసి చెప్పడానికి నమ్మకమైన ఆడవాళ్లను పిలిపించేవారు. చట్టం కింద ప్రమాణం చేసినవాళ్లు మగవాళ్లే గనక, పారిపోయిన మగవాణ్ణి 'చట్టం బయటివాడు' అని ప్రకటించేవారు. ఆడదాన్ని అలా అనడానికి వీల్లేదన్నారు. అసలు లోపల ఉంటే కదా బయటికి తోయడానికి! ఆమెకు వేరే మాట వాడారు, ఆమెను 'వదిలేసినట్టు' ప్రకటించేవారు. కన్నడం, పెంచడం, పొలం పని, పన్ను భారం, వీటన్నిటికీ లోపలి మనిషే. చట్టానికి మాత్రం కాదు.

మాగ్నా కార్టా పేరు చెప్పి మనకు హక్కుల పాఠాలు చెప్పేవాళ్లు తక్కువేం లేరు. 1215 నాటి ఆ పత్రంలో న్యాయాన్ని ఎవరికీ అమ్మం, నిరాకరించం, ఆలస్యం చెయ్యం అనే నలభయ్యో నిబంధన అందరికీ తెలుసు. యాభై నాలుగో నిబంధన సంగతి ఎవరూ చెప్పరు. భర్త చావు తప్ప మరెవరి చావు గురించీ ఆడది చేసిన అభియోగం మీద ఏ మనిషినీ పట్టుకోవడం గానీ జైల్లో పెట్టడం గానీ కూడదని అది అంటుంది. కళ్లెదుట కన్నకొడుకును చంపినా, తండ్రిని చంపినా, తోబుట్టువును చంపినా తల్లి, కూతురు, అక్క నోరెత్తి ఫలానావాడు చంపాడంటే చెల్లదు. ఆ కాలపు ధర్మశాస్త్రకారులు చెప్పిన లెక్క ప్రకారం ఆడది స్వయంగా నేరం మోపగలిగినవి ప్రధానంగా రెండే, భర్త హత్య, తనమీద జరిగిన అత్యాచారం. అంటే ఆమె దుఃఖానికి కూడా మొగుడే కొలత.

అయినా ఆడవాళ్లు వచ్చారు. ఇది మనం మర్చిపోకూడని సంగతి. 13వ శతాబ్దపు ఈ కోర్టుల రికార్డులను లెక్కవేసిన డానియల్ క్లెర్మన్, మనుషులు సొంతంగా మోపిన నేరాభియోగాల్లో దాదాపు మూడో వంతు ఆడవాళ్లవేనని 2002లో ప్రచురించిన వ్యాసంలో చూపించాడు. దొంగతనం మీద, కొట్టడం మీద, చంపడం మీద, పుస్తకం ఒప్పుకోని అభియోగాలెన్నో ఆడవాళ్లు తెచ్చారు. చాలా సార్లు ఎదుటివాడు అభ్యంతరం చెప్పకపోతే న్యాయమూర్తులు కూడా పట్టించుకోలేదు. చట్టం వద్దన్నా వెళ్లి నిలబడ్డ ఆడవాళ్లు వాళ్లు. ఇందులో రాజుగారి దయేమీ లేదు. ఉన్నదల్లా వాళ్ల తెగువే.

ఇప్పుడు అత్యాచారానికి గురైన స్త్రీ న్యాయం కోసం నడవవలసిన దారి చూడండి. 1180ల చివర గ్లాన్‌విల్ పేరుతో వచ్చిన గ్రంథం, 13వ శతాబ్దపు బ్రాక్టన్ గ్రంథం ఆ దారిని వివరంగా చెప్పాయి. సంఘటన జరిగిన వెంటనే ఆమె దగ్గర్లోని ఊరికి పరుగెత్తాలి. కేకలు పెట్టాలి. నమ్మదగిన మగవాళ్లకు గాయాలు, నెత్తురు, చిరిగిన బట్టలు చూపించాలి. తర్వాత హండ్రెడ్ అధికారి దగ్గర, కరోనర్ల దగ్గర, షెరీఫ్ దగ్గర అదే చెప్పాలి. ఆ తర్వాత జరిగే మొదటి కౌంటీ కోర్టులో అభియోగం మోపాలి. ఇన్ని చోట్ల, ఇంతమంది మగవాళ్లకు, అదే ఒంటిని చూపిస్తూ అదే మాట చెప్పాలి.

అంతా చేశాక ఏమవుతుంది? రాజుగారి సంచార కోర్టు వచ్చేదాకా ఆగాలి. ఒకసారి వచ్చిన కోర్టు ఏడేళ్ల లోపు అదే కౌంటీకి రాకూడదనే భావన 13వ శతాబ్దంలో బలపడింది. ఏడేళ్లంటే మాటలు కాదు. పెళ్లయి ఉండవచ్చు, ఊరు మారి ఉండవచ్చు, సాక్షులు చచ్చిపోయి ఉండవచ్చు. అయినా ఆ రోజున ఆమె మొదట చెప్పిన మాటే తూచా తప్పకుండా మళ్లీ చెప్పాలి. కరోనర్ చుట్టలో ఒక తేదీ, కోర్టులో ఒక తేదీ ఉంటే అభియోగం కొట్టేస్తారు. ఆమె మాట్లాడేది ఇంగ్లీషు. కోర్టులో వాదన నడిచేది ఫ్రెంచిలో. గుమాస్తా రికార్డు రాసేది లాటిన్‌లో. మూడు భాషల్లో నలిగి బయటికొచ్చిన ఆమె మాటలో తేడా కనిపిస్తే ఆ తప్పు ఆమెదే.

1321 లండన్ ఎయిర్‌లో జోన్ అనే పిల్ల కేసు ఉంది. పదకొండేళ్ల పిల్ల. రేమండ్ ద లిమోజ్ అనేవాడి మీద అత్యాచార అభియోగం మోపింది. మాటల్లో పొంతన లేదని ఆ అభియోగాన్ని కొట్టేశారు. తర్వాత రాజు పేరు మీద వాణ్ణి విచారించారు, జ్యూరీ నిర్దోషి అంది. పదకొండేళ్ల పిల్ల ఏ రోజున ఏం జరిగిందో గుమాస్తాలకు నచ్చేట్టు చెప్పలేకపోయింది. రికార్డులో మిగిలింది వాడి నిర్దోషిత్వమే.

దానికి ముందు 1313, 1314 కెంట్ ఎయిర్‌లో ఒక స్త్రీ అత్యాచారం జరిగిందని అభియోగం మోపితే, ఆమె చేతిలో ఉన్న బిడ్డ ఎవరి బిడ్డ అని అడిగారు. వాడి బిడ్డే అని ఆమె చెప్పింది. ఇద్దరి ఇష్టమూ లేకుండా బిడ్డ పుట్టదు గదా అన్నారు! ఇది ఒక న్యాయమూర్తి నోటి దురుసు కాదు. 1290 ప్రాంతంలో వచ్చిన బ్రిటన్ అనే న్యాయగ్రంథం కూడా, గర్భం వచ్చిందంటే సమ్మతి ఉన్నట్టేనని నిందితుడు వాదించవచ్చునంది. మధ్యయుగాల అజ్ఞానమని నవ్వి ఊరుకుందామా? 2012లో అమెరికాలో టాడ్ ఏకిన్ అనే చట్టసభ సభ్యుడు, నిజమైన అత్యాచారమైతే ఆడదాని ఒళ్లే గర్భాన్ని అడ్డుకుంటుందన్న అర్థంలో మాట్లాడాడు. ఏడు వందల ఏళ్లలో ఆ మాట సముద్రం దాటింది గానీ చావలేదు.

ఇప్పుడు మా కార్యకర్త అడిగిన ప్రశ్న. కేసు నిలవకపోతే ఆమెను ఏం చేసేవాళ్లు?

పట్టుకుని జైల్లో పెట్టమనేవారు. అభియోగం మోపి కోర్టుకు రాకపోయినా, వచ్చి వెనక్కి తీసుకున్నా ఆమెను అదుపులోకి తీసుకోమని ఆజ్ఞ. ఆమెకు హామీ ఉన్నవాళ్లకు జరిమానా. తర్వాత ఆమె కూడా జరిమానా కట్టి బయటపడాలి. కట్టలేకపోతే, పేదరాలు గనక మాఫీ చేశామని గుమాస్తా ఒక మాట రాసేవాడు. ఆ మాట రికార్డుల్లో ఎన్నోసార్లు కనిపిస్తుంది. దాన్ని చూసి దయ అనుకునేవాళ్లున్నారు. నేరం చేయని మనిషిని క్షమించడం ఏం దయ?

ఎందుకు వెనక్కి తీసుకునేవాళ్లు? జ్యూరీలే కొన్నిసార్లు చెప్పేవి, వాళ్లు రాజీపడ్డారని. డబ్బిచ్చి రాజీ. బెదిరించి రాజీ. పెళ్లి చేసి రాజీ. అత్యాచారం చేసినవాణ్ణే ఆమె పెళ్లాడితే వాడికి శిక్ష తప్పే అవకాశం గురించి ఆ న్యాయగ్రంథాలే చర్చించాయి. బ్రాక్టన్ చెప్పిన శిక్ష కళ్లు పీకడం, అంగం కోసేయడం. శిక్ష కాగితం మీద అంత ఘోరంగా ఉంది గనకనే ఆచరణలో దాన్ని వేయడానికి ఏ జ్యూరీకీ చేతులాడలేదు. ఇక్కడ ఉరి ఉరి అని అరిచేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి. వాడు నేరం చేశాడని జ్యూరీ ఒప్పుకున్న కేసుల్లో కూడా వాడు కొంత జరిమానా కట్టి ఇంటికి పోతే, అభియోగం నడపనందుకు ఆమెను పట్టుకోమని అదే చుట్టలో రాసి ఉంటుంది.

ఇంకొక సంగతి. ఓడిన ఫిర్యాదికి వేసే జరిమానాకు లాటిన్‌లో ఒక స్థిరమైన మాట ఉంది. 'అబద్ధపు మొర పెట్టినందుకు' అని దాని అర్థం. ఆమె అబద్ధమాడిందని ఎవరూ రుజువు చేయలేదు. ఓడింది, అంతే. ఓడిన ప్రతి మొరా అబద్ధమే. మగవాళ్లు ఓడినా ఇదే మాట రాశారు, నిజమే. కానీ మగవాడికి పొలం ఉంది, ఊళ్లో మాట ఉంది, పన్నెండు మందిలో వాడి బావమరిది ఉన్నాడు. పెళ్లయిన ఆడదానికి మొగుడి ప్రమేయం లేకుండా మామూలు దావా వేసే హక్కే లేదు. ఒకే జరిమానా ఇద్దరి మీద ఒకే బరువు కాదు.

ఈ రికార్డుల్లో మంచి ఏమీ లేదా అని మీరడగవచ్చు. ఉంది. 1258లో సామంతులు రాజు మీద తిరగబడి సంస్కరణలు పట్టుబట్టినప్పుడు హ్యూ బిగాడ్ అనే ప్రధాన న్యాయాధికారి కౌంటీలు తిరిగి, రిట్ లేకుండానే జనం నోటిమాటగా చెప్పిన ఫిర్యాదులు విన్నాడు. షెరీఫులు, వాళ్ల బంట్రోతులు చేసిన దౌర్జన్యాలే వాటిలో ఎక్కువ. శతాబ్దం చివరికి వచ్చేసరికి అర్జీ రాయించి న్యాయమూర్తుల చేతికివ్వడం అలవాటైంది. 1292 నుంచి 1333 దాకా అలాంటి అర్జీలు కొన్నిటిని బాలెండ్ అనే పండితుడు 1914లో అచ్చువేశాడు. రిట్ కొనే స్తోమత లేని పేదలు, ఒంటరి ఆడవాళ్లు దేవుడి పేరు చెప్పి వేడుకున్న అర్జీలవి. అప్పు ఎగ్గొట్టినవాడి మీద, పశువును పట్టుకుపోయినవాడి మీద, కొట్టినవాడి మీద రాసినవి. చదువుతుంటే మన కలెక్టరాఫీసు మెట్ల దగ్గర కూచుని అర్జీలు రాయించుకునే ఆడవాళ్లు కళ్లముందు మెదులుతారు.

ఆ అర్జీల్లో తలుపు కాస్త తెరుచుకుంది. కోర్టు దగ్గరికి రావడం వల్ల కాదు, కోర్టు అప్పటికి వందేళ్లుగా వస్తూనే ఉంది. రిట్ ఖర్చు తగ్గింది, మాట తప్పితే కొట్టేసే మంత్రాలు తగ్గాయి, జరిగింది జరిగినట్టు చెప్పే వీలు దొరికింది. తేడా తెచ్చింది దూరం కాదు, నోరు విప్పినందుకు కట్టవలసిన ధర. నేను చెప్పదలచింది ఇదొక్కటే.

ఇదంతా మనకెందుకు అంటారా? ఆ దేశపు చట్టమే మన నెత్తిన కూచుంది గనక. బ్రాక్టన్ చెప్పిన కేకలు, వెంటనే ఫిర్యాదు అనే కొలతలను 17వ శతాబ్దపు న్యాయమూర్తి మాథ్యూ హేల్ అందుకున్నాడు. ఆయన చనిపోయాక 1736లో అచ్చయిన పుస్తకం, అత్యాచార అభియోగం మోపడం తేలిక, తప్పించుకోవడం కష్టమని తరతరాల జడ్జీలకు నూరిపోసింది. భర్త భార్యపై అత్యాచారం చేయలేడన్నదీ ఆయనే. 1860 నాటి భారత శిక్షాస్మృతి ఆ మినహాయింపును తెచ్చుకుంది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా దాన్ని వదల్లేదు. మథుర కేసులో సుప్రీంకోర్టు ఒంటి మీద గాయాల్లేవని పోలీసుల్ని వదిలేసినప్పుడు, నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు 1979లో బహిరంగ లేఖ రాశారు. ఆ నిరసనల వల్లే 1983లో చట్టం మారింది. గాయాలు, నెత్తురు, చిరిగిన బట్టలు! గ్లాన్‌విల్ జాబితా ఎనిమిది వందల ఏళ్లు నడిచి మన కోర్టుకు వచ్చింది.

అబద్ధపు మొర అనే మాట కూడా వచ్చింది. రాజీపడి కేసు వదులుకున్న ప్రతి ఆడదాన్నీ తప్పుడు కేసు పెట్టిందని లెక్క వేసేవాళ్లను మనం రోజూ చూస్తున్నాం. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టంలోనే పద్నాలుగో సెక్షన్ ఉంది, దురుద్దేశంతో ఫిర్యాదు చేసిందని తేలితే ఆమె మీదే చర్య తీసుకోమని. రుజువు చేయలేకపోవడం ఒక్కటే అందుకు చాలదని అందులోనే రాశారు, మంచిదే. కానీ ఫిర్యాదు రాయడానికి కూచున్న స్త్రీకి ముందు చెప్పేది ఆ మొదటి వాక్యమే, రెండోది ఎవరూ చెప్పరు. మీలో అంతర్గత కమిటీల్లో పనిచేసేవాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు.

గ్రామ న్యాయాలయాల చట్టం 2008లో వచ్చింది. న్యాయాధికారి ఊళ్లకు వెళ్లి విచారణ జరపాలని అందులో ఉంది. సివిల్ తగాదాల్లో ముందు రాజీకి ప్రయత్నించాలనీ ఉంది. నేను వీటికి వ్యతిరేకిని కాను. బస్సు ఛార్జీ, ఒక రోజు కూలీ పోకుండా కోర్టు మెట్లెక్కడం పేద స్త్రీకి చిన్న సంగతి కాదు. కానీ ఊళ్లోకి వచ్చిన కోర్టు ఊరి పెద్దల అరుగు మీదే కూచుంటుంది. ఆమెకు ఎదురు తిరిగినవాళ్లంతా చుట్టూ నిలబడి ఉండగా అక్కడ కుదిరే రాజీ ఎవరి రాజీ?

అందుకని ఇకమీద ఎవరైనా మన ముందుకొచ్చి న్యాయాన్ని గడప దాకా తెచ్చామని చెబితే, చప్పట్లు కొట్టేముందు మా కార్యకర్త అడిగిన ప్రశ్నే అడుగుదాం. గెలిచిన ఆడదాని ఫోటో చూపించొద్దు. ఓడిన ఆడదాన్ని చూపించండి. సాక్షులు తిరగబడి ఓడిపోయినామె, భయపడి వెనక్కి తీసుకున్నామె, తేదీ తప్పు చెప్పినామె. మర్నాడు ఆమె తలెత్తుకుని అదే ఊళ్లో నీళ్లకు వెళ్లగలిగిందా? మళ్లీ అన్యాయం జరిగితే మళ్లీ రాగలిగిందా? రాగలిగితే అది కోర్టు. రాలేకపోతే అది జరిమానాలు వసూలు చేసుకోవడానికి వచ్చిన రాజుగారి బండి, ఎంత దగ్గరికొచ్చి ఆగినా సరే.

ఆ రోజు తరగతిలో నోరు విప్పనందుకు ఆ చెల్లెలికి నేను బాకీ పడ్డాను. ఈ వ్యాసం ఆ బాకీలో కొంత. మిగతాది మీరు మీ మీ సమావేశాల్లో ఆ ప్రశ్నను వేదిక దాకా తీసుకెళ్లి తీర్చాలి.